ప్రకృతి చికిత్సకు ప్రకృతి కరువైన రాజధాని

నవంబరు 18వ తేదీని భారత ప్రభుత్వం 2018 నుంచి ప్రకృతి చికిత్సా దినంగా పాటిస్తున్నది. మందులు లేని ఆరోగ్య విధానాన్ని ప్రజలకు పరిచయం చేయడం దీని ఉద్దేశం. వేకువన నడక, ఎండలో కొంతసేపు నిలవడం, గుండెల నిండా గాలి పీల్చడం ఆ విధానంలో ప్రథమ పాఠాలు. 2024లో ఆ దినం సోమవారం నాడు వచ్చింది. ఆ రోజున ఢిల్లీ నగరానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కగట్టిన వాయు నాణ్యతా సూచిక 494. 500 దగ్గర ఆ కొలబద్దే ముగిసిపోతుంది. ఉదయం 8 గంటల నుంచి నాలుగవ దశ ఆంక్షలు అమలులోకి వచ్చినవి. లారీలను పొలిమేరల్లోనే ఆపివేశారు. కట్టడాల పనులు నిలిచిపోయినవి. పిల్లల చదువును ఇళ్లకు మళ్లించారు. సూచిక 450కి దిగువకు దిగినా తమ అనుమతి లేకుండా ఆంక్షలను సడలించరాదని సుప్రీంకోర్టు అదే రోజున ఆదేశించింది.

కాలుష్యం ముదిరిన దినాల్లో వేకువజామున, సాయంసమయంలో బయట నడవవద్దని, వ్యాయామం చేయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ సలహాపత్రాలు చెబుతున్నవి. ఒక మంత్రిత్వ శాఖ నడవమంటున్నది, మరొక మంత్రిత్వ శాఖ నడవవద్దంటున్నది. రెండూ ఒకే ప్రభుత్వానివి. రెండూ తమ తమ పరిధిలో సత్యమే పలుకుతున్నవి. చిక్కు అక్కడనే ఉన్నది.

వేకువ గాలి నిర్మలమైనదన్న విశ్వాసం మన గ్రంథాలంత ప్రాచీనమైనది. వాగ్భటుని అష్టాంగహృదయం దినచర్యను బ్రాహ్మీ ముహూర్తంలో మేల్కొనడంతోనే ఆరంభిస్తుంది. ఢిల్లీ శీతకాలంలో ఆ ముహూర్తమే కడు చెడ్డది. రాత్రి నేల చల్లబడి, నేలనంటిన గాలి కూడ చల్లబడుతుంది. దానిపైన వెచ్చని గాలి మూతవలె పరచుకుంటుంది. లారీల పొగ, ఇటుక బట్టీల పొగ, చలి కాచుకొనే నెగళ్ల పొగ, పొరుగు రాష్ట్రాల పొలాల్లో తగులబెట్టిన వరి కొయ్యకాళ్ల పొగ, అన్నీ ఆ మూత కిందనే నిలిచిపోతవి. పొద్దెక్కి నేల వెచ్చబడితే గాని మూత తొలగదు. ఆ వేళ ప్రాణాయామానికి కూర్చున్నవాడు మామూలుగా ఊపిరి తీసేవానికన్న ఎక్కువ గాలిని, దానితోబాటు ఎక్కువ మసిని లోనికి తీసుకుంటాడు. ఊపిరితిత్తుల అంతర్భాగాలకు చేరగల సూక్ష్మ ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించింది. మన జాతీయ ప్రమాణం 40. ఇటీవలి సంవత్సరాల్లో ఢిల్లీ సగటు 100 ప్రాంతంలో కదలాడుతున్నది.

ప్రధానమంత్రి కార్యాలయానికి, మరికొన్ని కేంద్ర కార్యాలయాలకు 2014, 2017 మధ్య 140 గాలిశుద్ధి యంత్రాలు కొన్నారని రాయిటర్ వార్తాసంస్థ 2018లో వెల్లడించింది. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. ఏలికలకు కూడ ఊపిరితిత్తులున్నవి. నిర్మాణ పనులు ఆగినందున కూలి పోగొట్టుకొని, ఇటుకల గుట్ట పక్కన నెగడు వేసుకొని కూర్చున్న మనిషికి మాత్రం యంత్రమూ లేదు, తలుపు వేసుకొనే గదీ లేదు.

నవంబరు 18నే ఎందుకు ఎన్నుకున్నారన్నది తెలుసుకోదగిన సంగతి. 1945లో ఆ తేదీననే గాంధీజీ అఖిల భారత ప్రకృతి చికిత్సా ధర్మనిధి పత్రంపై సంతకం చేశారు. ఈ చికిత్సకు మన దేశంలో మొదటి వాహకం తెలుగు భాష కావడం మన పాఠకులకు సంతోషం కలిగించే విషయం. జర్మనీకి చెందిన లూయీ కూనే గ్రంథాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తర్వాత దశాబ్దానికి గాని రాలేదు. దేశంలో ప్రకృతి చికిత్సా చరిత్రను ప్రభుత్వ పత్రాలు కూడ ఆ తెలుగు పుస్తకంతోనే ఆరంభిస్తున్నవి. హైదరాబాదు అమీర్‌పేటలోని చికిత్సాలయం, భీమవరంలోని ప్రకృతి ఆశ్రమం మన ప్రాంతంలో ఈ మార్గానికి ఎంత ఆదరణ లభించినదో ఈనాటికీ చాటుతున్నవి. తొట్టి స్నానం, మట్టి పట్టీ, ఉపవాసం, పచ్చి కూరలు మన మధ్యతరగతి ఇళ్లలో రెండు తరాలుగా వినవస్తున్న మాటలే.

గాంధీజీ మొదట పూనా నగరంలో డాక్టర్ దిన్‌షా మెహతా చికిత్సాలయాన్ని ఆధారం చేసుకొని ఈ కార్యక్రమం నడపదలచారు. నగరంలోని సంస్థ బీదలకు ఉపయోగపడదని గ్రహించి, 1946 మార్చిలో పూనాకు సుమారు ముప్పయి కిలోమీటర్ల దూరంలోని ఉరుళీకాంచన్ గ్రామానికి తరలివెళ్లారు. అక్కడ రోగులకు ఆయన సూచించినవి ఎండ, తొట్టి స్నానం, మట్టి పట్టీ, పాలు, పండ్ల రసం, రామనామం. గ్రామానికి సూచించినది మరొకటి ఉన్నది. వీధులు శుభ్రం చేయడం, మలమూత్రాలను సక్రమంగా పూడ్చి ఎరువుగా మార్చడం, తాగే నీటిని కాపాడుకోవడం. ఆయన లెక్కలో ఇది చికిత్సకు అనుబంధం కాదు, చికిత్సలో ప్రధాన భాగం. వారం రోజులు తిరగకుండానే కేబినెట్ మిషన్ ఢిల్లీకి వచ్చింది. గాంధీజీ ఉరుళీకాంచన్ విడిచి రాజధానికి రావలసి వచ్చింది. ఇక్కడ ఆయన బస చేసినది పారిశుద్ధ్య కార్మికుల వాడలో. ఆశ్రమ భారాన్ని మణిభాయి దేశాయి అనే యువకునికి అప్పగించారు. ఆయన జీవితాంతం ఆ గ్రామాన్నే అంటిపెట్టుకొని ఉన్నారు.

మహాత్ముని ఈ విశ్వాసానికి ఆయన జీవితంలోనే రెండు కఠిన పరీక్షలు ఎదురయినవి. 1924 జనవరి 12 రాత్రి, యెరవాడ ఖైదీగా ఉండగా, పూనా సాసూన్ ఆసుపత్రిలో కర్నల్ మాడక్ అనే ఆంగ్ల వైద్యుడు ఆయనకు అపెండిసైటిస్ శస్త్రచికిత్స చేశాడు. మధ్యలో విద్యుద్దీపాలు ఆరిపోతే లాంతరు వెలుగులో పని ముగించారు. గాంధీజీ బ్రతికారు. 1944 ఫిబ్రవరిలో ఆగాఖాన్ భవనంలో కస్తూరిబా న్యుమోనియాతో కడపటి దశలో ఉండగా, కుమారుడు దేవదాసు పెన్సిలిన్ తెప్పించారు. అప్పటికి అది కొత్త మందు. ఆ స్థితిలో ఆమెను సూదులతో బాధించవద్దని గాంధీజీ వారించారు. 22వ తేదీన ఆమె కన్నుమూశారు. ఆ మందు ఆమెను కాపాడి ఉండేదని నిశ్చయంగా చెప్పగలవారు లేరు. ఆమె దేహం అప్పటికే క్షీణించి ఉన్నది. కాని ప్రకృతి మార్గాన్ని ప్రేమించేవారు ఈ రెండు రాత్రులనూ కలిపి చదువుకోవలసి ఉన్నది. ఒకదానిని మాత్రమే చెప్పుకొనేవారు ఇరుపక్షాలలోనూ ఎక్కువగా కనబడుతున్నారు.

గాంధీజీ పారిశుద్ధ్యాన్ని వైద్యంలో చేర్చడం ఎంత సమంజసమో, ఆయన మరణించిన ఎనిమిదేళ్లలోపుననే ఈ నగరం నిరూపించింది. 1955 నవంబరులో యమున తన ప్రవాహ మార్గాన్ని కొంత మార్చుకున్నది. నజఫ్‌గఢ్ కాలువ మురుగు ఎదురు తన్ని, వజీరాబాదు వద్ద నగరానికి మంచినీరు తోడే చోటికి చేరింది. అధికారులు క్లోరిన్ పాలు పెంచారు. ఆ క్లోరిన్ బాక్టీరియాను చాలవరకు అణచినది గాని, ఒక వైరస్‌ను ఆపలేకపోయింది. డిసెంబరు, జనవరి మాసాల్లో సుమారు 29,300 మందికి పచ్చకామెర్లు కనిపించినవి. గర్భిణులకు ఆ వ్యాధి మరింత ప్రాణాంతకమయింది. అప్పుడు ఆ వైరస్ ఏదో తెలియదు. ఈనాడు హెపటైటిస్-ఇ అని పిలుస్తున్న జబ్బు అదేనని కొన్ని దశాబ్దాల తర్వాత గుర్తించారు.

పచ్చకామెర్లు అనగానే మన పల్లెల్లో నేల ఉసిరి గుర్తుకు వస్తుంది, పసరు పోసే మనిషి గుర్తుకు వస్తాడు. పరగడుపున పసరు తాగి, నూనె వస్తువులు మాని, కొన్ని వారాల్లో కళ్లలో పచ్చదనం పోయి కోలుకున్నవారు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. నీటివల్ల వచ్చే కామెర్లలో అత్యధిక భాగం ఏ మందూ లేకుండానే అంత కాలంలో తగ్గిపోతవి. తగ్గించినది దేహమే, పేరు మాత్రం పసరుకు దక్కింది. నేల ఉసిరి హెపటైటిస్-బి వైరస్‌ను తొలగిస్తుందని మద్రాసు పరిశోధకులు 1988లో లాన్సెట్ పత్రికలో ప్రకటించినప్పుడు ప్రపంచమంతటా ఆశలు రేగినవి. ఇతరులు జరిపిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. దీనినిబట్టి పసరు పోసేవాడు మోసగాడని అనడం న్యాయం కాదు. అతడు తన కళ్లతో చూచినదే నమ్మాడు. కాని ఆ శీతకాలంలో ఢిల్లీ ప్రజలకు కావలసినది పసరూ కాదు, సూదిమందూ కాదు. మురుగు కాలువకూ మంచినీటి గొట్టానికీ మధ్య దూరం కావలసి వచ్చింది. దానిని ఏ గృహస్థుడూ తన దినచర్యతో సంపాదించుకోలేడు. వజీరాబాదు నుంచి ఓఖ్లా వరకు 22 కిలోమీటర్ల యమున, మొత్తం నది పొడవులో నూటికి రెండు పాళ్లయినా లేదు. ఆ నది మోస్తున్న కల్మషంలో సుమారు ముప్పాతిక భాగం అక్కడనే కలుస్తున్నది.

ప్రాచీన వైద్యాన్ని శోధనకు నిలపాలన్న మాట ఎవరో పాశ్చాత్య పక్షపాతి పుట్టించినది కాదు. కరోల్‌బాగ్‌లోని ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలకు 1916లో పునాదిరాయి వేసినవాడు వైస్రాయి హార్డింజి. 1921 ఫిబ్రవరి 13న దానిని ప్రారంభించినవారు గాంధీజీ. దాని వెనుక ఉన్నవారు హకీం అజ్మల్‌ఖాన్. ఆ సంవత్సరమే ఆయన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. బల్లీమారాన్ వీధిలోని షరీఫ్ మంజిల్ ఆయన వంశీకుల ఇల్లు. ఆనాటి ప్రసంగంలో గాంధీజీ ఆధునిక వైద్యం పోకడను విమర్శిస్తారని అందరూ ఊహించినదే. విమర్శించారు కూడ. కాని ఆధునిక శాస్త్రజ్ఞుల అన్వేషణా బుద్ధికి ఆయన వినమ్రంగా జోహారులు అర్పించి, అది మన వైద్యులలో, హకీములలో కనబడడం లేదని, పూర్వుల యోగాలను ప్రశ్నించకుండా అనుసరిస్తున్నారని వారి ఎదుటనే చెప్పారు. ప్రారంభోత్సవానికి పిలిచినవారి ముఖాన ఇంత మాట చెప్పే నాయకుడు ఈనాటి ఢిల్లీలో ఈ విలేఖరికి కానరాలేదు.

అజ్మల్‌ఖాన్ ఆ మాటను ఆక్షేపణగా తీసుకున్నట్లు లేదు. జర్మనీలో రసాయన శాస్త్రం చదివి వచ్చిన సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే యువకుని పిలిపించి, తిబ్బియా కళాశాలలో పరిశోధన అప్పగించారు. సర్పగంధ వేరు ఉన్మాదానికీ, నిద్రలేమికీ మన నాటువైద్యంలో వాడుకలో ఉన్నది. దాని నుంచి సిద్దీఖీ 1931లో ఒక క్షారాన్ని వేరుచేసి, అప్పటికే దివంగతులైన హకీం పేర అజ్మలీన్ అని నామకరణం చేశాడు. రక్తపు పోటుపై ఆ వేరు చూపే ప్రభావాన్ని బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ రోగులపై పరిశీలించి 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లండులోని సీబా సంస్థ పరిశోధకులు దాని నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. ప్రపంచంలో రక్తపు పోటుకు విరివిగా వాడిన తొలి మందులలో అది ఒకటి. సిద్దీఖీ 1951లో పాకిస్థాను వెళ్లి, అక్కడి శాస్త్ర పరిశోధనా మండలికి నిర్మాత అయినాడు. దేశం రెండు ముక్కలయినా పాత ఢిల్లీ వీధిలో మొదలయిన శోధన ఉభయ దేశాల ఆస్తిగా మిగిలింది.

వేరును గౌరవించడానికి మార్గం అది. మోతాదు ఎంత, ఎవరికి పనికివస్తుంది, ఎవరికి హాని చేస్తుంది అని అడగడం వల్ల సర్పగంధ విలువ తగ్గలేదు. అడిగినందువల్లనే అది ఖారీబావలీ అంగడిలోని మూటల నుంచి ప్రపంచంలోని ఆసుపత్రులకు చేరింది. మలేరియాకు చైనా మూలిక నుంచి ఆర్టిమిసినిన్ తీసిన తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించడం ప్రాచీన విజ్ఞానానికి జయమని అనవచ్చు. జయమే. కాని ఆమె ప్రాచీన గ్రంథంలో సూచన మాత్రమే తీసుకొని, మిగిలినదంతా ప్రయోగశాలలో తేల్చుకున్నది.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం నడిచిన దారి వేరు. 1946లో భోర్ కమిటీ దేశానికి ఆరోగ్య ప్రణాళికను రచిస్తూ స్వదేశీ వైద్యాన్ని దాదాపు పక్కన పెట్టింది. రెండేళ్ల తర్వాత కర్నల్ రామనాథ్ చోప్రా కమిటీ సమన్వయం కావాలన్నది. ఆ నివేదిక బీరువాకు చేరింది. ఆనాటి మద్రాసులో ప్రకాశంగారి మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రిణి రుక్మిణీ లక్ష్మీపతి. ఆమె భర్త ఆచంట లక్ష్మీపతి పాశ్చాత్య వైద్యంలో పట్టా పొంది, ఆయుర్వేదానికి జీవితం అర్పించినవారు. రెండు విద్యలూ ఒకే ఇంట ఇమడగలిగినవి, ఒకే ప్రణాళికలో ఇమడలేకపోయినవి. 1970లో భారతీయ వైద్య మండలి చట్టం వచ్చింది. మొరార్జీ దేశాయి ప్రధానిగా ఉన్న 1978లో యోగా, ప్రకృతి చికిత్సల పరిశోధనా మండలి ఏర్పడింది. (మొరార్జీగారి సొంత చికిత్సా పద్ధతిని గురించి ఆనాటి పత్రికలు వ్రాయనిది లేదు. ఆయన 99 ఏళ్లు జీవించారన్నది కూడ వ్రాయవలసి ఉన్నది.) ఇందిరాగాంధీకి యోగా నేర్పిన ధీరేంద్ర బ్రహ్మచారి అశోకా రోడ్డులో నడిపిన ఆశ్రమ ఆవరణలో, ఇప్పుడున్న జాతీయ యోగా సంస్థకు మొరార్జీ పేరు పెట్టారు. అత్యవసర పరిస్థితిని ఎరిగినవారు ఆ నామఫలకం దగ్గర ఒక క్షణం ఆగి నవ్వుకుంటారు.

1995లో ప్రత్యేక విభాగం, 2003లో దానికి ఆయుష్ అనే పేరు, 2014 నవంబరులో సంపూర్ణ మంత్రిత్వ శాఖ, 2015 నుంచి ఐక్యరాజ్య సమితి అంగీకారంతో జూన్ 21న యోగా దినం, 2017లో సరితావిహార్‌లో అఖిల భారత ఆయుర్వేద సంస్థ ప్రారంభం వరుసగా జరిగినవి. 2025–26 బడ్జెటులో ఆయుష్ శాఖకు సుమారు 3,993 కోట్ల రూపాయలు, ఆరోగ్య శాఖకు 99,859 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇటువైపు చూస్తే అభిమానం, అటువైపు చూస్తే ఉపేక్ష. ప్రజల ఆదరణ మాత్రం సందేహాతీతం. 2022 జూలై నుంచి 2023 జూన్ వరకు జరిగిన జాతీయ నమూనా సర్వేలో, గడచిన ఏడాదిలో ఏదో ఒక ఆయుష్ పద్ధతిని వాడినవారు గ్రామాల్లో నూటికి 46 మంది, పట్టణాల్లో 53 మంది అని తేలింది. జనాభాలో సగం మంది వాడుతున్న వస్తువుకు హామీదారు ఎవరు అన్న ప్రశ్న ఇక్కడనే పుడుతున్నది.

ఆయుర్వేద ఔషధాల తయారీకి లైసెన్సు విధానం 1964 నుంచి ఉన్నది. ప్రామాణిక గ్రంథాల్లో ఉన్న యోగాన్ని యథాతథంగా తయారుచేసి అమ్మేవారు రోగులపై కొత్తగా ప్రయోగాలు జరిపి చూపనక్కరలేదు. గ్రంథమే ప్రమాణం. ఇది కొంతవరకు అర్థం చేసుకోదగినదే. కాని గ్రంథకర్త చెప్పిన మోతాదు, పథ్యం, వైద్యుని పర్యవేక్షణ అంగడిలోని సీసాతో రావు. కొవిడ్ కాలంలో తిప్పతీగను ఇంటింటా కషాయం కాచుకొని తాగారు. దానిని వాడినవారిలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని బొంబాయి వైద్యులు 2021లో ఒక వైద్య పత్రికలో ప్రకటించారు. ఆయుష్ శాఖ ఆ వ్యాసాన్ని తప్పుదారి పట్టించేదిగా కొట్టివేసింది. మరుసటి ఏడు పలు నగరాల వైద్యులు కలిసి అటువంటి 43 మంది వివరాలను ప్రకటించారు. లక్షల మంది తాగి ఉంటారు, కొద్దిమందికే హాని జరిగి ఉంటుంది. ఆ కొద్దిమంది ఎవరు, ముందుగా ఎట్లా గుర్తించాలి అన్నదే వైద్యం. ఖండన ప్రకటన దానికి సమాధానం కాజాలదు.

ఆ మహమ్మారి కాలంలోనే 2020 జూన్ 23న పతంజలి సంస్థ కరోనిల్ అనే మందును ప్రకటించి, కొవిడ్‌ను వారం రోజుల్లో నయం చేస్తుందన్నది. ప్రచారం ఆపవలసినదిగా ఆయుష్ శాఖ ఆనాడే ఆదేశించింది. అది చేయవలసిన పని. ఎనిమిది నెలల తర్వాత 2021 ఫిబ్రవరి 19న ఢిల్లీ కాన్‌స్టిట్యూషన్ క్లబ్బులో అదే మందుకు మరొక ఉత్సవం జరిగితే వేదికపై ఇద్దరు కేంద్ర మంత్రులు ఆసీనులయినారు. వారిలో ఒకరు నాటి ఆరోగ్య మంత్రి, స్వయంగా వైద్యులు. తాము ఏ సంప్రదాయ ఔషధాన్నీ పరిశీలించి ధ్రువపరచలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వెంటనే చెప్పవలసి వచ్చింది. పొరుగున సింహళంలో అంతకు ముందే ధమ్మిక అనే వ్యక్తి తయారుచేసిన పానకాన్ని ఆ దేశపు ఆరోగ్య మంత్రిణి బహిరంగంగా సేవించారు. 2021 జనవరిలో ఆమెకే కొవిడ్ సోకింది. అదే ఏడు మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం బారులు తీరిన జనం మన పాఠకుల కళ్ల ముందు ఇంకా ఉండే ఉంటారు. అక్కడ లాభాపేక్ష లేదు, మందు ఉచితం. ఢిల్లీలోని ఆయుర్వేద పరిశోధనా మండలి పరిశీలనలో హాని ఉన్నదని తేలలేదు, వ్యాధిని తగ్గిస్తుందనడానికి నిదర్శనమూ దొరకలేదు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను మినహాయించి మిగిలినవాటిని అనుమతించింది. ఆసుపత్రుల్లో మంచాలు, ఆక్సిజన్ దొరకని రోజులవి. బారులు తీరినవారిని మూఢులని ఎగతాళి చేసినవారు ఆ సంగతి మరచిపోయినారు.

ఫలానా జబ్బును నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది. మధుమేహం, కేన్సరు, రక్తపు పోటు, స్థూలకాయం సహా 54 వ్యాధులు అందులో పేర్కొని ఉన్నవి. ఏ దినపత్రిక తిరగవేసినా ఆ జాబితాలోని సగం జబ్బులకు ప్రకటనలు దొరికిన కాలం ఒకటున్నది. ఈ వ్యవహారంలో పత్రికలు నిర్దోషులు కావు. 2018లో ప్రభుత్వం 170వ నిబంధనను చేర్చి, ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల ప్రకటనకు ముందుగా అనుమతి పొందాలన్నది. అయిదేళ్లు గడవకముందే 2023 ఆగస్టులో, ఆ నిబంధన కింద చర్యలు తీసుకోవద్దని ఆయుష్ శాఖే రాష్ట్రాలకు లేఖ వ్రాసింది. భారతీయ వైద్య సంఘం పిటిషనుపై పతంజలి ప్రకటనలను విచారిస్తున్న సుప్రీంకోర్టు ఈ లేఖను చూచి ఆగ్రహించింది. పత్రికల్లో ప్రచురించిన క్షమాపణ, ఒకనాటి ప్రకటనలంత పరిమాణంలోనే ఉన్నదా అని 2024 ఏప్రిల్‌లో న్యాయమూర్తులు ప్రశ్నించినప్పుడు కోర్టు హాలులో ఉన్నవారు నవ్వు ఆపుకోవలసి వచ్చి ఉంటుంది. ఆగస్టులో క్షమాపణను అంగీకరించి ధిక్కార విచారణను ముగించారు. ఈలోగా జూలై 1న కేంద్రం 170వ నిబంధననే తొలగించింది. సుప్రీంకోర్టు ఆ తొలగింపుపై స్టే ఇచ్చినా, 2025 ఆగస్టు 11న కేసును ముగిస్తూ దానిని కూడ ఎత్తివేసింది. ముందస్తు అనుమతి అనే ద్వారపాలకుడు ఇప్పుడు లేడు.

ప్రకృతి చికిత్స విషయంలో ద్వారమే లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ కమిషన్ చట్టం ఆయుర్వేద, యునానీ, సిద్ధ, సోవా-రిగ్పా పద్ధతులకు పరిమితమయింది. యోగా, ప్రకృతి చికిత్సలను అందులో చేర్చలేదు. అయిదున్నరేళ్లు కళాశాలలో చదివి పట్టా పొందినవారిని కొన్ని రాష్ట్రాలు తమ చట్టాల కింద నమోదు చేసుకుంటున్నవి. మరికొన్ని చోట్ల ఆ పట్టభద్రునికీ, నాలుగు పుస్తకాలు చదివి బోర్డు కట్టినవానికీ చట్టం దృష్టిలో తేడా లేదు. మధుమేహ రోగిచేత ఇన్సులిన్ మాన్పించి ఉపవాసం పెట్టించేవాడు ఎవరికి జవాబుదారీ అన్నది చెప్పేవారు లేరు. నడక, నిద్ర, ఉప్పు తగ్గించడం, పొగ మానడం, ఆకుకూరలు, ముడిధాన్యాలు మధుమేహాన్నీ, రక్తపు పోటునూ అదుపులో ఉంచడానికి తోడ్పడతవని ఆధునిక వైద్యమూ అంగీకరిస్తున్నది. అక్కడ కలహం లేనే లేదు. ఆ మాట చెప్పేవానికి శిక్షణ, బాధ్యత ఉండాలన్న దగ్గరనే ప్రభుత్వం మౌనం దాల్చుతున్నది. ఒక దినం ప్రకటించడానికి ఉత్తర్వు చాలు, చట్టం చేయడానికి పూనిక కావాలి.

1954 చట్టాన్ని అమలు జరపవలసినది ప్రధానంగా రాష్ట్రాలే. తయారీ లైసెన్సు ఇచ్చేవారూ వారే. ఉత్తరాఖండ్ అధికారులు 2024 ఏప్రిల్‌లో పతంజలి వర్గానికి చెందిన 14 మందుల లైసెన్సులను నిలిపివేయడానికి సుప్రీంకోర్టు మందలింపు అవసరమయింది. నెల రోజులకే ఆ ఉత్తర్వును పక్కన పెట్టారు. ఇటువంటి ప్రకటనలపై పౌరులు ఫిర్యాదు చేయడానికి రెండు నెలల్లో ఒక యంత్రాంగం నెలకొల్పవలసినదిగా సుప్రీంకోర్టు 2025 మార్చి 26న అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అమరావతిలో, హైదరాబాదులో ఆ యంత్రాంగం ఏ అధికారి అధీనంలో ఉన్నదో, ఎన్ని ఫిర్యాదులు అందినవో, ఎన్నింటిపై ప్రాసిక్యూషన్ జరిగినదో శాసనసభల్లో ప్రశ్నోత్తరాల సమయంలో అడగవచ్చు. నక్షత్ర గుర్తు ప్రశ్నగా అడిగితే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పవలసి ఉంటుంది.